యాభై మీటర్ల ఈత: మొదటి రోజు నుంచి పోటీ దాకా

ఒలింపిక్స్ కొలనులో జరిగే పందేలన్నిటిలో చిన్నది 50 మీటర్ల ఫ్రీస్టైల్. ఈ చివర దూకి ఆ చివర గోడ ముట్టుకుంటే పందెం అయిపోయినట్టే. 1988లో సోల్ ఒలింపిక్స్‌లో దీన్ని మొదటిసారి పెట్టినప్పుడు అమెరికా ఈతగాడు మాట్ బియాండీ 22.14 సెకన్లలో గెలిచాడు. 2024లో పారిస్‌లో ఆస్ట్రేలియాకు చెందిన కామెరాన్ మెకెవాయ్ 21.25 సెకన్లలో స్వర్ణం అందుకున్నాడు. ముప్ఫై ఆరేళ్ళు గడిచినా గెలిచిన సమయంలో తేడా ఒక్క సెకను కూడా లేదు. అంత బిగువైన పందెంలోకి దిగాలనుకునే పిల్లలు, వాళ్ళ వెనక నిలబడే పెద్దలు ఏది ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి అన్నది తెలుసుకోవాలి. నేను గట్టిగా నమ్మేది ఒకటుంది: ఇందులో వేగం చివరన నేర్చుకోవలసిన విద్య.

1. ముందు తల దించండి

బావుల్లో, కాలువల్లో నడుముకు సొరబుర్ర కట్టుకుని ఈత నేర్చుకున్న పిల్లలకు నీళ్ళంటే భయముండదు. అది పెద్ద ఆస్తి. అయితే గట్టు ఎక్కడుందో, ఎదర ఎవరున్నారో చూడాలి గనక బావి ఈతలో తల పైకెత్తి ఉంచడం అలవాటవుతుంది. తల లేస్తే నడుము, కాళ్ళు కిందికి దిగుతాయి. అప్పుడు నీళ్ళు ఛాతీకీ తొడలకూ అడ్డం తగులుతాయి. వేగం రెండింతలైతే ఆ అడ్డు దాదాపు నాలుగింతలవుతుంది. కాబట్టి బలం పెంచుకోవడం కన్నా అడ్డు తగ్గించుకోవడం ముందు పని.

గోడను కాళ్ళతో తన్ని, రెండు చేతులూ ముందుకు చాచి, ఒక అరచేతి మీద ఇంకో అరచేయి వేసి, చేతుల మధ్య తల ఇరికించి, చూపు కొలను అడుగున పెట్టి కదలకుండా సాగిపొండి. దీన్ని స్ట్రీమ్‌లైన్ అంటారు. ఒక్క తన్నుకు ఎంత దూరం వెళ్తున్నారో గుర్తు పెట్టుకుని, ఆ గుర్తు ముందుకు జరిగేదాకా రోజూ చేయండి. ఊపిరి నీళ్ళలో ఉండగానే వదలాలి. పీల్చుకోవడానికి తల ఎత్తకూడదు. భుజాలతోపాటు తలా పక్కకు తిరగాలి, ఒక కన్ను నీళ్ళలోనే ఉండాలి.

2. చేయి, కాలు, ఓపిక

కాలు కదలిక తుంటి నుంచి రావాలి. మోకాలు కాస్తే వంగాలి, చీలమండ వదులుగా ఉండాలి. రెండు చేతులూ ఒక చుట్టు తిరిగేలోపు ఆరు తన్నులు పడడం పొట్టి పందేల వాళ్ళ పద్ధతి.

చేతి పని మీద మాత్రం నెలలు వెచ్చించండి. చేయి నీటిలోకి దిగాక మోచేయిని పైన నిలిపి, ముంజేతిని నిలువుగా కిందికి దించి, వేళ్ళు అడుగువైపు చూస్తుండగా నీటిని వెనక్కి నెట్టాలి. కొత్తవాళ్ళు మోచేయి వంచకుండా నీటిని కిందికి అదుముతారు. దానివల్ల ఒళ్ళు పైకి లేస్తుంది గానీ ముందుకు పోదు. పిడికిళ్ళు బిగించి రెండు ల్యాపులు ఈదండి. అరచేయి పనికిరానప్పుడు ముంజేయి ఎలా పట్టుకోవాలో దానంతటదే తెలిసివస్తుంది. ఆ తర్వాత వేళ్ళు విప్పితే తేడా మీకే అర్థమవుతుంది.

రష్యా ఈతగాడు అలెగ్జాండర్ పొపోవ్ 1992, 1996 ఒలింపిక్స్ రెండింటిలోనూ 50, 100 మీటర్ల స్వర్ణాలు గెలిచాడు. ఆయన గురువు గెన్నడి తురెత్‌స్కీ ఆయన చేత నెమ్మదిగా, ఏ తొందరా కనిపించని ఈత ఎంతో దూరం ఈదించేవాడు. ఆ నెమ్మదిలో కుదిరిన చేయే పందెంలో చెదరలేదు. కాబట్టి మీ ఊపిరి చెదరకుండా, చేయి తీరు మారకుండా 400 మీటర్లు ఈదగలిగేదాకా స్టాప్‌వాచ్ జోలికి వెళ్ళకండి. పాతిక మీటర్లకు ఎన్ని చేతులు పడుతున్నాయో మాత్రం లెక్కపెట్టుకోండి. తక్కువ చేతులతో గోడ చేరితే మీరు బాగుపడుతున్నట్టు.

కొందరు స్ప్రింటర్లు నీటిపైన చేతిని వంచకుండా చాచి తిప్పడం వీడియోల్లో చూసి ఉంటారు. భుజాలు గట్టిపడక ముందు దాన్ని అనుకరిస్తే నొప్పులు పట్టుకుంటాయి. రబ్బరు బ్యాండుతో భుజాల వ్యాయామాలు మొదటి నెల నుంచే చేయండి.

3. దూకడం

పందెం మొత్తంలో అత్యంత వేగం ఉండేది నీటిలో పడిన ఆ క్షణంలోనే. కొత్తవాళ్ళను దీంట్లోకి ఎవరూ తొందరపెట్టకూడదు. స్టార్టింగ్ బ్లాక్ కింద కనీసం 1.35 మీటర్ల లోతు ఉండాలన్నది అంతర్జాతీయ నిబంధన. లోతు తెలియని కొలనులో తల ముందుకు పెట్టి దూకితే మెడ విరగవచ్చు. అలాంటి చోట శిక్షకుడు చెప్పినా సరే, దూకనని చెప్పే హక్కు పిల్లలకు ఉంది.

కొలను అంచున కూర్చుని, తర్వాత ఒక మోకాలి మీద, తర్వాత నిలబడి, చివరికి బ్లాక్ మీద నుంచి: ఈ వరుస తప్పొద్దు. వేళ్ళు ఎక్కడ నీటిని తాకాయో ఆ చోటునుంచే తల, నడుము, కాళ్ళు లోపలికి దూరాలి. లోపల చేప తోకలా రెండు కాళ్ళూ కలిపి డాల్ఫిన్ కిక్ వేస్తూ, వేగం తగ్గుతోందనిపించగానే పైకి రావాలి. 15 మీటర్ల గుర్తు దగ్గరకు తల నీటిపైకి రాకపోతే పందెం నుంచి తీసేస్తారు. సంకేతం మోగకముందే బయల్దేరినా అంతే. రెండో అవకాశం ఇవ్వరు.

4. తక్కువ ఈదండి, నిండుగా ఈదండి

స్ప్రింట్ సాధన అనగానే ఆయాసపడేదాకా ఈదించడం మన శిక్షణ కేంద్రాల్లో చాలాచోట్ల కనిపిస్తుంది. దీనితో నాకు తీవ్రమైన విభేదం ఉంది. పూర్తి వేగానికి కావలసిన కండరాల తక్షణ ఇంధనం కొద్ది సెకన్లలోనే ఖర్చయిపోతుంది. మళ్ళీ నిండడానికి నిమిషాలు పడుతుంది. విశ్రాంతి ఇవ్వకుండా ఈదిస్తే పిల్లవాడు నెమ్మదిగా ఈదడమే అలవాటు చేసుకుంటాడు. కాబట్టి 15 మీటర్లు పూర్తి వేగంతో ఆరుసార్లు, మధ్యలో రెండు నిమిషాల విరామం. కొన్ని వారాలకు 25 మీటర్లు, విరామం ఇంకాస్త ఎక్కువ. పట్టే సమయం పెరగడం మొదలైతే ఆ రోజుకు వేగం పని ఆపేయండి. వారంలో రెండు మూడు రోజులు ఇది చాలు. మిగతా రోజులు చేతి తీరుకూ, తీరిక ఈతకూ. పైన చెప్పిన మెకెవాయ్ కూడా టోక్యో ఒలింపిక్స్ తర్వాత కొంతకాలం పోటీలు మానేసి, తిరిగి వచ్చినప్పుడు ఈదే దూరాన్ని బాగా తగ్గించి బల వ్యాయామాలకు ఎక్కువ సమయం ఇచ్చాడు. ముప్ఫయ్యో ఏట స్వర్ణం గెలిచింది అలాగే.

పెద్ద స్థాయిలో చాలామంది 50 మీటర్లూ ఒక్కసారి కూడా ఊపిరి తీసుకోకుండానే ఈదుతారు. మీరు రెండు శ్వాసలతో మొదలుపెట్టి ఏడాదిలో ఒకటికి తగ్గించుకుంటే చాలు. నీళ్ళకింద ఊపిరి బిగబట్టే పందేలు మాత్రం ఎప్పుడూ ఆడకండి. ముందు గబగబా నాలుగైదుసార్లు గాలి పీల్చి మునిగితే, ఊపిరి కావాలన్న హెచ్చరిక అందకముందే స్పృహ తప్పవచ్చు. ఈత బాగా వచ్చినవాళ్ళు కూడా ఇలా ప్రాణాలు పోగొట్టుకున్నారు.

5. పోటీకి

50 మీటర్ల పొడవున్న కొలనులో సాధన దొరకడం అవసరం. హైదరాబాద్‌లో గచ్చిబౌలి కొలను, విశాఖ బీచ్ రోడ్డులో జీవీఎంసీ ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఉన్నాయి. జిల్లా సంఘం ద్వారా పేరు నమోదు చేయించుకుని జిల్లా, రాష్ట్ర, ఆ పైన జాతీయ సబ్ జూనియర్, జూనియర్ పోటీలకు వెళ్ళడం మామూలు దారి. వయసు ధ్రువపత్రాలు మొదటి ఏడాదే సరిచేసుకోండి.

ఖరీదైన రేసింగ్ సూట్ కొనమని ఎవరైనా ఒత్తిడి చేస్తే వినకండి. 2009లో పాలియురెథేన్ సూట్ల కాలంలో బ్రెజిల్‌కు చెందిన సెజార్ సియెలో 50 మీటర్లను 20.91 సెకన్లలో ఈదాడు. ఆ సూట్లను 2010 జనవరి నుంచి నిషేధించారు. పన్నెండేళ్ళ పిల్లవాడికి ఒంటికి పట్టిన మామూలు దుస్తులు, నీళ్ళు కారని కళ్ళద్దాలు చాలు.

గోడను ముట్టుకోవడం సాధన చేయండి. చివరి ఐదు మీటర్లలో ఊపిరి తీయకూడదు, తల ఎత్తి చూడకూడదు, చేయి చాచి సాగిపోతూ ఆగకూడదు. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో మన వీర్ధవల్ ఖాడే హీట్స్‌లో 22.43తో జాతీయ రికార్డు పెట్టి, ఫైనల్‌లో 22.47తో నాలుగో స్థానంలో నిలిచాడు. కాంస్యం సెకనులో నూరో వంతు తేడాతో పోయింది. పారిస్ ఒలింపిక్స్‌కు పురుషుల నేరు అర్హత సమయం 21.96. ఖాడే రికార్డుకూ దానికీ మధ్య దూరం అర సెకను లోపే. అది దాటలేనిదని నేను అనుకోను.

6. చదువు, ఉద్యోగం

చదువు ఆపేయమని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. ఖాడే పదహారేళ్ళకే బీజింగ్ ఒలింపిక్స్‌లో ఈదాడు, తర్వాత మహారాష్ట్రలో తహసీల్దారుగా ఉద్యోగం చేస్తూ కొన్నేళ్ళు పోటీలకు దూరమై, మళ్ళీ తిరిగొచ్చే ఆ రికార్డు పెట్టాడు. అమెరికా ఈతగాడు ఆంథొనీ ఎర్విన్ 2000లో స్వర్ణం గెలిచి, ఈత పూర్తిగా వదిలేసి, ఏళ్ళ తర్వాత వచ్చి 2016లో రియోలో 35 ఏళ్ళ వయసున మళ్ళీ గెలిచాడు. ఈ పందెంలో పదిహేనేళ్ళకే ఆలస్యమైపోయిందని కంగారుపడనక్కర్లేదు. జాతీయ స్థాయి పతకాలుంటే రైల్వేలు, సర్వీసెస్ జట్ల వంటివి క్రీడా కోటాలో ఉద్యోగాలిస్తాయి. ఆ ప్రకటనల్లో ఏ పోటీలను, ఎన్నేళ్ళలోపు సాధించిన పతకాలను లెక్కలోకి తీసుకుంటారో రాసి ఉంటుంది. ప్రతి పోటీ తర్వాత ధ్రువపత్రం, ఫలితాల పట్టిక నకలు రెండూ అడిగి తీసుకుని ఒకే ఫైల్లో పెట్టుకోండి.