విదేశీ వివాహం – నివాసార్హత: ఒక పరిశీలన

కొత్త కోడలు గడప దగ్గర కుడికాలు ముందుపెట్టి లోపలికి వస్తే ఆ ఇల్లు ఆమెదే అని మన ఆచారం చెబుతుంది. మొగుడి చెయ్యి పట్టుకున్నాక ఇంకెవరినీ అనుమతి అడగనక్కరలేదు. కాని ఆ గడప వేరే దేశంలో ఉన్నప్పుడు కోడలికీ గడపకూ మధ్య ఒక ప్రభుత్వం వచ్చి నిలబడుతుంది. “ఈమె నా భార్య” అని భర్త చెప్పినంత మాత్రాన అది తలుపు తీయదు. దరఖాస్తు పెట్టమంటుంది, రుజువులు చూపమంటుంది, కొన్నాళ్లు ఆగమంటుంది. పరదేశం అమ్మాయిని చేసుకున్న మన అబ్బాయి సంగతీ ఇంతే.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. వివాహం వల్ల నివాస హక్కు రాదు. ఆ హక్కును అడిగే అర్హత మాత్రమే వస్తుంది. అడిగినది దొరికిన తరువాత కూడా చాలాకాలం దాని పగ్గం దంపతుల్లో ఒకరి చేతిలోనే ఉంటుంది. ఈ రెండు సంగతులు తెలియకుండా సంబంధం ఖాయం చేసుకోవడం, దస్తావేజు చదవకుండా వేలిముద్ర వేయడం లాంటిది.

1. కఫీల్ అనే మాట

మా పిట్లం వాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. సంగారెడ్డి నుంచి నాందేడ్ వైపు పోయే 161వ నంబరు జాతీయ రహదారి మీద మా మండల కేంద్రం ఉన్నది. 2016 అక్టోబరు దాకా నిజామాబాద్ జిల్లా, ఆ తరువాత కామారెడ్డి జిల్లా. ఈ రెండు జిల్లాల్లోనూ గల్ఫ్‌కు పోయిన మనిషి లేని వాడ అరుదు. అందుకే ‘అకామ’, ‘కఫీల్’ అనే అరబ్బీ మాటలు మా హోటళ్లలో చాయ తాగేటప్పుడు గూడ వినబడుతయి. అకామ అంటే అక్కడ ఉండటానికిచ్చే కాయిదం. కఫీల్ అంటే ఆ కాయిదానికి పూచీపడే ఆసామి. ఈ మధ్య కొన్ని దేశాలు నిబంధనలు సడలించినా, పాత పద్ధతిలో కఫీల్ దయ ఉన్నన్నాళ్లే అకామ. అది పోతే మనిషి ‘ఖల్లివెల్లి’. కష్టం తనదే, చెమట తనదే, కాని ఆ దేశంలో ఉండే హక్కు మాత్రం ఇంకొకరి జేబులో.

భార్యాభర్తల సంబంధం మీద వచ్చే నివాసం కూడా మొదట్లో ఇలాంటిదే. ఇక్కడ కఫీల్ యజమాని కాదు, జీవిత భాగస్వామి. అంతే తేడా. ఇక గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లు భార్యను పిలిపించుకోవడమూ సులభం కాదు. ఎమిరేట్స్‌లో నెలకు 4,000 దిర్హాముల జీతమో, 3,000 దిర్హాములూ వసతీనో ఉండాలి. కూలికి పోయినవాళ్లలో చాలామందికి ఆ లెక్క అందదు. ఏండ్ల తరబడి ఫోనులోనే సంసారం చేసే ఇల్లాండ్లు మా వైపు ఉన్నరంటే, దానికి ఇది గూడ ఒక కారణం.

2. కొంచెం చరిత్ర

“భర్త ఏ దేశస్థుడో భార్యా ఆ దేశస్థురాలే” అనే సూత్రం ఒకప్పుడు చాలా దేశాల్లో ఉండేది. 1907 నాటి అమెరికా చట్టం ప్రకారం పరదేశిని పెళ్లాడిన అమెరికన్ స్త్రీ తన పౌరసత్వమే పోగొట్టుకునేది. 1922లో వచ్చిన కేబుల్ చట్టం దీన్ని సడలించింది గాని, పౌరసత్వానికి అర్హత లేని జాతివాణ్ణి చేసుకున్నవారికి మాత్రం ఆ మేలు దక్కలేదు. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులకు ఆ అర్హత లేదని అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. అంటే 1931లో ఆ మినహాయింపు తీసేసేదాకా, మనవాణ్ణి పెళ్లాడిన అమెరికన్ స్త్రీకి స్వదేశంలోనే పరాయితనం. విప్లవకారుడు తారక్‌నాథ్ దాస్ భార్య మేరీ దాస్ అట్లా పౌరసత్వం కోల్పోయిన వారిలో ఒకరు.

బ్రిటన్ కథ ఇంకొక తీరు. 1979 జనవరిలో పెళ్లి చేసుకోవడానికి లండన్‌లో దిగిన ఒక భారతీయ ఉపాధ్యాయినికి హీత్రో విమానాశ్రయంలో కన్యత్వ పరీక్ష చేశారు. సంగతి పత్రికలకెక్కి పెద్ద దుమారం లేచింది. నిజంగా పెళ్లి కోసమే వచ్చిందా అని తేల్చే ‘పరీక్ష’ అట అది! ఆ కాలంలోనే అక్కడ స్థిరపడ్డ పురుషుడు భార్యను తెచ్చుకోవడం కంటె, స్థిరపడ్డ స్త్రీ భర్తను తెచ్చుకోవడం కష్టంగా ఉండేది. ఇది స్త్రీ పురుష వివక్ష అని 1985 మే నెలలో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తీర్పిచ్చింది. బ్రిటిష్ ప్రభుత్వం చేసిన సవరణ విచిత్రమైనది: భర్తలకు దారి సులభం చేయడానికి బదులు, భార్యలకు గూడ అంతే కష్టం చేసి సమానత్వం సాధించింది. “వలస కోసం చేసుకున్న పెళ్లి కాదు” అని దంపతులే రుజువు చేసుకోవాలనే నియమం 1997 దాకా నడిచింది. పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్ల మీద, అంటే మనలాంటి వాళ్ల మీద, ఆ దెబ్బ ఎక్కువ పడింది.

మనమేమీ తక్కువ తినలేదు. 1955 పౌరసత్వ చట్టం భారతీయుణ్ణి పెళ్లాడిన ‘స్త్రీలకు’ మాత్రమే రిజిస్ట్రేషన్ ద్వారా పౌరసత్వం ఇచ్చింది. భారతీయ స్త్రీని పెళ్లాడి ఇక్కడ ఉండదలచిన మగవాడికి ఆ దారి లేదు. అంటే చట్టానికి కోడలు తెలుసు గాని, ఇల్లరికపుటల్లుడు తెలియదు! 1986 సవరణతో ‘స్త్రీలు’ పోయి ‘వ్యక్తులు’ అనే మాట వచ్చింది.

3. అమెరికా పద్ధతి

మన విద్యార్థులు ఎక్కువగా అడిగేది అమెరికా గురించే కనుక దాన్ని కొంచెం వివరంగా చూద్దాం. “అమెరికా సంబంధం” అనేది ఒకే మాట అయినా అందులో మూడు రకాలున్నాయి.

మొదటిది, వరుడు లేదా వధువు అక్కడి పౌరులు కావడం. అప్పుడు జీవిత భాగస్వామికి సంవత్సరానికింత అనే కోటా అడ్డు లేదు. రెండోది, గ్రీన్‌కార్డు మాత్రమే ఉండటం. అప్పుడు కోటా వరుసలో నిలబడాలి. మూడోది, హెచ్-1 వంటి ఉద్యోగ వీసా మీద ఉండటం. అప్పుడు భార్యకు వచ్చేది హెచ్-4. అది స్థిర నివాసం కాదు, అవతలి వీసాకు తోక మాత్రమే. గ్రీన్‌కార్డు ప్రయత్నం ఒక దశ దాటిన కొందరి భార్యలకు 2015 మే నుంచి పని అనుమతి ఇవ్వసాగారు. మిగతా వారు ఇంజనీరింగు చదివినా, డాక్టరీ చదివినా హెచ్-4 మీద ఉద్యోగం చేయరాదు. సంబంధం చూసేటప్పుడు “పిల్లగాడు అమెరికాలో ఉంటడు” అన్న మాట దగ్గర ఆగకుండ, ఈ మూడింటిలో ఏది అని అడగాలి.

పౌరుడి విషయంలో క్రమం ఇది. అమెరికాలో ఉన్నవారు ముందు ఐ-130 అనే ఫారంతో బంధుత్వాన్ని రుజువు చేస్తారు. అది ఆమోదం పొందాక పోషణ పూచీకత్తు ఇవ్వాలి. అక్కడి పేదరికపు గీతకు 125 శాతం ఆదాయం చూపాలి. తరువాత పోలీసు ధ్రువపత్రం, వైద్య పరీక్ష, ఇంటర్వ్యూ. హైదరాబాదులో కాన్సులేట్ ఉన్నా ఈ రకం వీసా ఇంటర్వ్యూ సాధారణంగా ముంబైలో జరుగుతుంది. ఇంకా పెళ్లి కాకుండా కె-1 వీసా మీద వెళ్లినవారు 90 రోజుల్లో పెళ్లి చేసుకోవాలి.

అంతటితో అయిపోలేదు. దొంగ పెళ్లిళ్లను అరికట్టడానికని 1986లో చేసిన చట్టం ప్రకారం, పెళ్లయి రెండేళ్లు నిండకుండా నివాసం పొందితే అది షరతులతో కూడిన రెండేళ్ల నివాసమే. గడువు ముగిసే ముందరి 90 రోజుల్లో దంపతులిద్దరూ కలిసి ఐ-751 దరఖాస్తు పెట్టాలి. ‘ఇద్దరూ కలిసి’ అన్న మాట కింద గీత గీసుకోవాలి. కాపురం బాగుంటే అది ఉత్త సంతకం. బాగులేకపోతే అదే ఉరితాడు.

ఇతర దేశాల సంగతి క్లుప్తంగా: బ్రిటన్‌లో స్థిర నివాసానికి భార్యాభర్తలకు మామూలుగా అయిదేళ్లు పడుతుంది, భాషా పరీక్ష ఉంటుంది, 2012లో 18,600 పౌండ్లుగా పెట్టిన కనీస ఆదాయాన్ని 2024 ఏప్రిల్‌లో 29,000కు పెంచారు. కెనడా కూడా 2012లో రెండేళ్ల షరతు పెట్టింది. ఆ షరతు వల్ల హింస భరిస్తూ కూడా స్త్రీలు భర్తను విడిచి రాలేకపోతున్నారనే విమర్శ రాగా 2017లో దాన్ని ఎత్తివేసింది.

4. కాయిదాల సంగతి

మా పెద్దమ్మ కూతురు అమెరికా పౌరుణ్ణి పెళ్లాడింది. ఆ దరఖాస్తుకు కాయిదాలు సర్దే పని నా నెత్తిన పడ్డది. పక్కన కూచున్న పెద్దమ్మ అడిగింది: “నలుగురు జూడంగ పెండ్లి జేస్తిమి. మల్ల వాళ్లకేం రుజువు జెయ్యాలె బిడ్డా?” నలుగురు చూసినది మనకు రుజువు. ఆ నలుగురిని ఎరగని అధికారికి కాయిదమే రుజువు.

అసలు చిక్కు పేరు దగ్గర వచ్చింది. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత. బడి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది, తల్లి పేరుకు మూడు చోట్ల మూడు స్పెల్లింగులు. మనకు ఇవన్నీ ఒకే మనిషి. దూరాన ఉన్న గుమాస్తాకు ముగ్గురు మనుషులు. అన్నీ సరిచేసి, అఫిడవిట్లు రాయించేసరికి మాకు నాలుగు నెలలు గడిచినయి. కనుక పెళ్లి ముహూర్తం కంటె ముందే చూసుకోవలసినవి కొన్ని చెబుతాను.

పుట్టిన తేదీ, పేరు, తల్లిదండ్రుల పేర్లు అన్ని కాయిదాల్లో ఒక్కతీరుగా ఉండాలి. శుభలేఖ, ఫోటోలు చాలవు. వివాహం రిజిస్టరు కావాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే వివాహాల నిర్బంధ నమోదు చట్టం వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు కూడా దేశమంతటా నమోదు జరగాలన్నది. పరదేశిని మన దేశంలో చట్టరీత్యా పెళ్లాడాలంటే 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉన్నది. ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులు నివసించి నోటీసు ఇవ్వాలి. తరువాత మరి 30 రోజులు ఆగాలి. సెలవు మీద పది రోజులకు వచ్చిన పెళ్లికొడుక్కి ఈ లెక్క ముందే తెలియాలి. విదేశానికి పంపే పత్రాల మీద కొన్ని దేశాలు అపోస్టిల్ ముద్ర అడుగుతాయి. ఆ ఒప్పందంలో మన దేశం 2005లో చేరింది. ముద్ర వేసేది విదేశాంగ శాఖ.

5. బంధం తెగినప్పుడు

శుభమా అని పెళ్లి గురించి రాస్తూ ఈ మాట ఎందుకు అనవచ్చు. కాని చట్టం విలువ తెలిసేది అప్పుడే. అమెరికాలో 1994 నాటి చట్టం వల్ల, పౌరుడైన లేదా గ్రీన్‌కార్డు ఉన్న భర్త హింసిస్తే భార్య అతని సంతకం లేకుండా స్వయంగా నివాసానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. భర్త హెచ్-1 మీద ఉంటే ఆ దారి ఆమెకు తెరవదు. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు: గ్రీన్‌కార్డు కోసం ఇచ్చిన పోషణ పూచీకత్తు విడాకులతో రద్దు కాదు. ఆమె పౌరురాలు కావడమో, సుమారు పదేళ్ల పని లెక్క నిండటమో జరిగేదాకా అది సాధారణంగా నిలుస్తుంది.

‘నివాసం’ అనే మాటను ఆయుధంగా వాడుకున్న కేసు మన తెలుగునాటే ఉంది. 1975లో తిరుపతిలో పెళ్లి జరిగింది. భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో 90 రోజులు పైబడి నివాసం ఉన్నానని చెప్పి 1980లో అక్కడి కోర్టులో విడాకులు పొందాడు. 1981లో యాదగిరిగుట్టలో ఇంకొక పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య కేసు పెట్టింది. 1991లో సుప్రీంకోర్టు ఆ విదేశీ డిక్రీ చెల్లదన్నది. విడాకుల కోసం లెక్కకు ఉన్న నివాసం అసలైన నివాసం కాదనీ, హిందూ వివాహ చట్టంలో లేని కారణం మీద, భార్య ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకోకుండా ఇచ్చిన విడాకులు ఇక్కడ కట్టుబడవనీ దాని సారాంశం. విదేశాల నుంచి విడాకుల నోటీసు అందుకున్న ప్రతి ఆడబిడ్డా తెలుసుకోదగిన తీర్పు ఇది.

6. పిట్లం వచ్చే కోడలు

ఇప్పుడు ఎదుటి వైపు నుంచి చూద్దాం. పరదేశపు అమ్మాయి మన ఊరి కోడలై వస్తే? 180 రోజులకు మించిన వీసా ఉంటే మామూలుగా వచ్చిన 14 రోజుల్లో విదేశీయుల నమోదు అధికారి దగ్గర నమోదు కావాలి. రిజిస్టరైన వివాహం రెండేళ్లు నిలిచాక ఓ.సి.ఐ. కార్డుకు అడగవచ్చు, పాకిస్తాన్, బంగ్లాదేశ్ మూలాలున్న వారికి ఆ అవకాశం లేదు. ఆ కార్డు మీద ఎన్నాళ్లైనా ఉండవచ్చు, కాని ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనరాదు. వరి పండే మా ఊళ్లో మామ తన కోడలి పేర రెండెకరాలు కొందామన్నా చట్టం ఒప్పదు. పూర్తి పౌరసత్వానికి ఇక్కడ ఏడేళ్ల నివాసం కావాలి. వివాహం మీద వచ్చిన కార్డు విడాకులైతే రద్దవుతుంది. అంటే మనవాళ్లు అక్కడ దేనికి భయపడతారో, ఆమె ఇక్కడ దానికే భయపడాలి. అమెరికా వాడు మన పిల్లను అనుమానిస్తే కోపం వచ్చే మనం, ఈ నియమాన్ని గురించి కూడా ఆలోచించవద్దా?

ముగింపు

దేశాలు దొంగ పెళ్లిళ్లను పట్టుకోవడం తప్పు కాదు. కాని దొంగను పట్టడానికి వేసిన వల, నిజంగా కాపురానికి వచ్చిన మనిషి కాళ్లకు చుట్టుకోరాదు. నివాసం ఇచ్చేటప్పుడు దంపతుల సంబంధం చూడటం న్యాయమే. ఇచ్చిన తరువాత దాన్ని ఒకరి దయకు వదిలివేయడం న్యాయం కాదు.

చట్టాలు మారేదాకా మన జాగ్రత్తలో మనముండాలి. చదువుకున్న అక్కచెల్లెళ్లకు నా మనవి: పాస్‌పోర్టు మీ దగ్గరే పెట్టుకోండి. ప్రతి దరఖాస్తు నకలు, ప్రతి రశీదు ఒక ప్రతి పుట్టింట్లో ఉంచండి. గడువు తేదీలు భర్తకే కాదు, మీకూ తెలియాలి. అక్కడి భాష, అక్కడ పనికొచ్చే చదువు ముందే సంపాదించండి. ఇది నమ్మకం లేక చేసే పని కాదు. పొలం గట్టు సరిగా ఉంటే పక్కవాడితో తగవు రాదంటారు మా ఊళ్లో. కాపురానికి గూడ అదే వర్తిస్తుంది.