పూర్వకాలపు దృశ్యమును అమర్చు విధము

విద్యార్థులు తీయు చిన్న చలనచిత్రమున నటులకు సంభాషణలు నేర్పుట యెంత ముఖ్యమో, వారిచుట్టు నుండవలసిన వస్తువులను సమకూర్చుటయు నంత ముఖ్యము. నటుడు నోరు విప్పకమునుపే గోడమీది పటమును, చేతిలోని చెంబును కాలమేదియో చెప్పివేయును. 1930వ సంవత్సరపు ఉప్పు సత్యాగ్రహమును ఉదాహరణముగా దీసికొని యీ విషయమును విచారింతము.

మొదట కాలమును, స్థలమును నిశ్చయింపవలెను. "పూర్వము" అనిన చాలదు. మహాత్మాగాంధి దండి తీరమున ఉప్పు చట్టమును ధిక్కరించినది 1930 ఏప్రిల్ 6వ తేదీ. ఆంధ్రదేశమున ఒంగోలు చెంతనున్న దేవరంపాడులో టంగుటూరి ప్రకాశముగారి నాయకత్వమున సత్యాగ్రహ శిబిరము వెలసెను. కథ ఆ వేసవిలో అచట జరుగునని నిర్ణయించుకొనినచో, ఏ వస్తువు తగునో, ఏది తగదో తేలును.

ఇందు జెండాయే మొదటి పరీక్ష. అశోకచక్రముగల పతాకము 1947 జూలై 22న ఆమోదింపబడినది. కాషాయము, తెలుపు, ఆకుపచ్చ వర్ణములతో రాట్నముగల జెండా 1931 నాటిది. మన కథలోని జెండాకు పైన తెలుపు, నడుమ ఆకుపచ్చ, క్రింద ఎఱుపు, వానిపై రాట్నము నుండవలెను. ఉత్తరముపై పిన్‌కోడు వ్రాయరాదు. అది 1972లో వచ్చినది. పాళీ కలమును సిరాలో ముంచి వ్రాయవలెను. రూపాయికి 16 అణాలు. నయాపైసలు 1957లో గాని రాలేదు. ప్లాస్టిక్కు బిందె పొరపాటుననైనను కనబడరాదు.

క్రొత్త కాగితమును టీ డికాక్షనులో తడిపి నీడన ఆరవేసినచో పాతదానివలె గోధుమవన్నె దాల్చును. కాని అన్నిటికిని పాతదనము తగదు. ఆనాటి వార్తాపత్రిక మనకు పాతదేగాని, కథలోని వానికి ఆ యుదయమే చేతికందినది. అది తెల్లగానే యుండవలెను.

ఈ విషయమున మేమే యొకసారి తప్పుచేసితిమి. ఒక విద్యార్థి తన అవ్వగారింటినుండి ఇత్తడిచెంబు నొకదానిని తెచ్చెను. కథలోనిది పేదయిల్లు గదా యని దానికి మసి పూయించితిమి. చిత్రీకరణము చూడవచ్చిన యామె దానిని చేతికెత్తుకొని, "పంతులుగారూ, ఇది మా అమ్మది. మాకు లేమి ఉండేది గాని మురికి లేదు. చింతపండుతో తోమందే చెంబు లోపలికి తెచ్చేది కాదు మా అమ్మ" అనెను. మేము బదులు చెప్పలేకపోతిమి. ఆమె యెదుటనే చెంబును తోమించి, తళతళలాడుచుండగా పొయ్యిప్రక్క నుంచితిమి. దృశ్యమునకు నిజమైన కళ అప్పుడే వచ్చినది.

ఎరువు తెచ్చిన ప్రతి వస్తువును, యజమాని పేరును పుస్తకమున వ్రాసికొనుడు. ప్రతి దృశ్యాంతమున ఫోటో తీసి యుంచుకొనినచో, మరునాడు వస్తువులు తమ తావులనే యుండును. పని ముగిసిన దినముననే వానిని శుభ్రపరచి మరల నప్పగింపుడు.

విద్యార్థులారా! గడచిన వారు తమ పక్షమున మాటాడలేరు. వారి యిల్లు ఎట్లుండెనో విచారించి తెలిసికొనుటయే మనము వారికి జేయు న్యాయము.