లాబ్రడారా, షెల్టర్ కుక్కా?

ప్రశ్న: మాది అపార్ట్‌మెంట్. మా పదేళ్ల బాబు లాబ్రడార్ కొనమంటున్నాడు. మావారు షెల్టర్ నుంచి తెచ్చుకుందామంటున్నారు. వీధికుక్క కరుస్తుందేమోనని నా భయం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, కుక్క కరవడానికి జాతి కన్నా భయమే ఎక్కువ కారణం. పుట్టిన తొలి మూడు నెలల్లో మనుషుల మధ్య మెలగని పిల్ల, ఏ జాతిదైనా, పెద్దయ్యాక బెదిరి కరవొచ్చు. నెల రోజులకే తల్లి నుంచి విడదీసి అమ్మే లాబ్రడార్‌లను నేను రోజూ చూస్తున్నాను. కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. బ్రీడర్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలి. కొనేట్టయితే ఆ కాగితం అడగండి, తల్లికుక్కను కళ్లారా చూడండి. చూపించకపోతే వచ్చేయండి.

నా మాట మాత్రం షెల్టరే. అందులోనూ ఏడాది దాటిన కుక్క మేలు, దాని గుణం అప్పటికే తెలిసిపోతుంది. నాటు కుక్కయితే మన ఎండలనూ బాగా తట్టుకుంటుంది. బాబును వెంటబెట్టుకుని రెండు మూడుసార్లు వెళ్లండి. వాణ్ని చెయ్యి చాపకుండా కింద కూర్చోమనండి. కుక్క తనంతట తాను వచ్చి, వాసన చూసి, ఒళ్లంతా వదులుగా ఊగితే దానికి వాడు నచ్చినట్టే. తోక ముడిచి, మూతి నాక్కుంటూ, కంటి తెల్లగుడ్డు కనబడేలా పక్కచూపు చూస్తుంటే ఆ రోజుకు వదిలేయండి. ఇంటికొచ్చాక అది తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు బాబును దగ్గరికి పోనివ్వకండి.

తెచ్చిన వారంలోపు పశువైద్యుడికి చూపించి టీకాలు సరిచూసుకోండి. వాంతులు, రక్తవిరేచనాలైతే ఆ పూటే తీసుకెళ్లండి. గుర్రుమంటుంటే కొట్టకండి, డాక్టర్‌ను కలవండి. పంటిగాటు పడితే సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.