దరఖాస్తులో గతమును గూర్చిన గడి

ఇప్పుడు వేలూరు కార్పొరేషనులో చేరియున్న మన సత్తువాచారిలో జిల్లా కలెక్టరు కచేరి కలదు. జిల్లా న్యాయస్థానముల భవనములును ఇచటనే కలవు. ఉద్యోగమునకై సర్టిఫికెట్లు కావలసినవారు మొదటి చోటికి వచ్చుచుందురు. తగాదాలో చిక్కి పేరు పోలీసు కాగితముల కెక్కినవారు రెండవ చోటికి వచ్చుచుందురు. ఒకే యువకుడు ఈ రెండు చోట్లకును తిరుగవలసి వచ్చినపుడు వాని యింట పుట్టు ప్రశ్నయే నేటి పాఠమునకు విషయము. తన గతమును గూర్చి ఉద్యోగ మిచ్చువారికి ఎంత చెప్పవలెను? చెప్పనక్కరలేనిది ఏది?

మన యిండ్లలో పెద్దలు ఈ ప్రశ్నకు తరచుగా నిచ్చు జవాబు, "లేదని వ్రాయుము నాయనా, ఎవరికి తెలియును?" అనునది. ప్రేమచేత చెప్పిన మాటయే. కాని సుప్రీంకోర్టుదాక పోయిన వ్యాజ్యములను చూచినచో, చిన్న తగాదా చేయని కీడును ఈ "లేదు" అను మాట చేసినట్లు కనబడుచున్నది.

పోలీసు, అగ్నిమాపక దళము, రైల్వే, కేంద్ర సాయుధ బలగములు మొదలగు కొలువులకు ఎంపికయైన వానికి ఒక ఫారము వచ్చును. దానిని అటెస్టేషను ఫారమందురు. కేంద్ర ప్రభుత్వపు ఫారములో నొకచోట చిన్న చిన్న ప్రశ్నలు వరుసగా నుండును. నీవెన్నడైనను అరెస్టయితివా? నీపై ప్రాసిక్యూషను నడచినదా? నిర్బంధములో నుంటివా? సత్ప్రవర్తనకై పూచీకత్తు వ్రాసియిచ్చితివా? కోర్టు జుల్మానా విధించినదా? శిక్ష పడినదా? ఏ పరీక్షకైనను కూర్చుండరాదని నిన్ను బహిష్కరించిరా? ఇప్పుడు నీపై ఏ కోర్టులోనైన కేసు నడచుచున్నదా? ఇవి యన్నియు వేరు వేరు ప్రశ్నలు. మనవారు వీనిని ఒకటే ప్రశ్నగా చదివి, "నేను జైలుకు పోలేదు గదా" యని తలచి, అన్నింటికిని కలిపి ఒకే "లేదు" వ్రాయుదురు. పరీక్షలో చీటీలు పెట్టి పట్టుబడి బహిష్కృతుడైన సంగతికూడ ఈ గడులలోనిదేయని మా విద్యార్థులలో నెందరికి తెలియునో!

ఇచట మనకు ప్రత్యేకమైన చిక్కు మరియొకటి కలదు. ఇంట తెలుగు, వీథిలో తమిళము, ఫారములో ఇంగ్లీషు. తమిళములో ఫారము వచ్చినను గండము తప్పదు, ఏలయన మన మాటను పోలిన మాటయే అక్కడ వేరొక అర్థముతో నుండును. తమిళములో "కైదు" అనగా అరెస్టు. మన చెవికది "ఖైదు", అనగా చెరసాల. ఠాణాలో నొకపూట కూర్చుండబెట్టి అరెస్టు చూపి పంపినవాడు, తానెన్నడును ఖైదులో లేననుకొని "ఇల్లై" యని వ్రాయును. "కుట్ర వళక్కు" అనగా క్రిమినల్ కేసు. తెలుగువాడు కుట్ర పన్నిన కేసనుకొని, నేనేమి కుట్ర పన్నితినని ఆశ్చర్యపడును. "అపరాదం" తమిళములో జుల్మానా. మనకు అపరాధమనగా తప్పు. "విడుదలై" యను మాటను వారు నిర్దోషియని తీర్పునిచ్చి విడుచుటకును వాడుదురు. మనకు జామీనుపై బయటికి వచ్చుటయు విడుదలయే. జామీనుపై వచ్చినవాడు "విడుదలై" యని వ్రాసినచో, నడచుచున్న కేసును ముగిసినదని చెప్పినట్లగును. ఇంట ఈ నాలుగు మాటలను ఒకమారు బిగ్గరగా చదివి పెద్దలకు వినిపింపుడు.

భాష తెలియక తప్పు వ్రాసితిమన్న మాట చెల్లునా? ఈ ప్రశ్న 2003లో సుప్రీంకోర్టు ముందునకు వచ్చినది. కేంద్రీయ విద్యాలయములో వ్యాయామోపాధ్యాయుడుగా చేరిన యొకడు ప్రాసిక్యూషను, శిక్షలను గూర్చియు, నడచుచున్న కేసును గూర్చియు నడిగిన రెండు గడులలోను లేదని వ్రాసెను. అప్పటికి అతనిపై నొక కేసు నడచుచుండెను. తాను హిందీ మాధ్యమమున చదివితిననియు, ఆ ఇంగ్లీషు మాటల భావము తెలియలేదనియు అతడు చెప్పుకొనెను. బి.ఏ., బి.ఎడ్., ఎం.ఎడ్. చదివి ఉపాధ్యాయుడు కాదలచినవాడు ఆ మాట చెప్పిన నమ్ముట యెట్లని న్యాయస్థానము త్రోసివేసెను. తరువాత ప్రభుత్వము ఆ కేసును ఉపసంహరించుకొన్నదికూడ. ఐనను కొలువు నిలువలేదు. మాతృభాషలో చదువుకొను పిల్లలకు ఈ తీర్పు కొంత కఠినముగ తోచవచ్చును. మాకును తోచినది. కాని అర్థముకాని మాట యెదురైనపుడు అడిగి తెలిసికొనుట సంతకము పెట్టువాని పనియే గదా. ఈ దినములలో ఇ-సేవై కేంద్రములందో కంప్యూటరు అంగళ్ళలోనో మరియొకడు ఫారము నింపుచున్నాడు. అతడు అలవాటు చొప్పున అన్ని గడులలోను "నో" నొక్కుచు పోవును. సంతకము మాత్రము మీది.

ఒక యువకుని ఊహించుకొందము. గుడియాత్తములో వైకాసి మొదటి దినమున గంగమ్మ శిరసు ఉత్సవమునకు జనము కిక్కిరిసియుండగా, స్నేహితుల నడుమ త్రోపులాట జరిగి, అది చేయిచేసికొనువరకు వచ్చినదనుకొందము. పోలీసులు పేర్లు వ్రాసికొని, అరెస్టు చూపి, ఠాణాలోనే జామీనిచ్చి యింటికి పంపిరి. రెండేండ్లకు ఉభయులు రాజీపడిరి; కేసు కొట్టివేయబడినది. ఆ యువకుడు పోలీసు పరీక్షలో నెగ్గెను. ఇపుడు ఏమి వ్రాయవలెను?

అరెస్టును, కేసును, కోర్టును, తీర్పు తేదీని ఉన్నదున్నట్లు వ్రాయవలెను. ఎవరికి తెలియుననుటకు చోటులేదు. ఫారము తిరిగి వాని యూరి ఠాణాకే విచారణకు వచ్చును. చిత్తూరు సరిహద్దు దాటి జరిగిన సంగతియైనను దాగుట కష్టము, సి.సి.టి.ఎన్.ఎస్. అను కంప్యూటరు వ్యవస్థచేత వేర్వేరు రాష్ట్రములలోని ఠాణాలు కలుపబడినవి.

మన రాష్ట్రమున జరిగిన ఉదాహరణమే కలదు. ఫైర్‌మన్ ఉద్యోగమును కోరిన యొక యువకునిపై చిన్న కేసు నడచి, అతడు నిర్దోషిగా విడువబడెను. దరఖాస్తులో మాత్రము కేసేమియు లేదని వ్రాసెను. 2007లో సుప్రీంకోర్టు అతనికి కొలువు నిరాకరించుట సరియేయని తీర్పు చెప్పెను. యూనిఫారము ధరించు కొలువునకు వచ్చువాని నడవడికి కొలమానము వేరని వారి భావము.

2011లో నదే న్యాయస్థానము వేరొక త్రోవ త్రొక్కినది. ఢిల్లీ పోలీసులో హెడ్ కానిస్టేబులు ఉద్యోగమును కోరినవాడు 1999 నాటి దరఖాస్తులో కేసు లేదనెను. 2001లో అటెస్టేషను ఫారమందు మాత్రము తన యింట అద్దెకున్నవానితో వచ్చిన తగాదా, రాజీ, కేసు ముగిసిన సంగతి తానే వ్రాసెను. యౌవనమున జరిగిన చిన్న తప్పులకు జీవితాంతము ముద్ర వేయరాదని న్యాయమూర్తులు అతని పక్షమున నిలిచిరి. ఆ తీర్పులో వారు తలచుకొన్న వ్యాజ్యము మన పాఠశాలవారికి మిక్కిలి ఆసక్తి కలిగించునది. 1970లో వేల్స్ దేశపు విద్యార్థులు కొందరు తమ వెల్ష్ భాషకు న్యాయము జరుగుటలేదని లండనులోని హైకోర్టులో చొరబడి, పాటలు పాడి, విచారణను నిలిపివేసిరి. మూడు నెలల జైలు పడిన వారిలో 11 మంది అప్పీలు చేసికొనిరి. లార్డ్ డెన్నింగు ప్రభృతులు కోర్టు గౌరవమును కాపాడుచునే, వారు తమ భాషపై ప్రేమచే నట్లు చేసిరేగాని దుష్టులు కారని యెంచి, పూచీకత్తుపై చదువులకు పంపివేసిరి.

ఒకే న్యాయస్థానమున ఇట్లు రెండు విధముల తీర్పులు వచ్చుటచేత, 2016 జూలై 21వ తేదీన ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము అవతార్ సింగ్ వ్యాజ్యములో సూత్రములను నిర్ణయించెను. అరెస్టు, నడచుచున్న కేసు, శిక్ష, నిర్దోషియను తీర్పు, వీనిని గూర్చి అడిగినపుడు చెప్పునది సత్యమై యుండవలెను. దాచినది పిన్న వయసున నినాదములు చేయుటవంటి స్వల్ప విషయమైనచో యజమాని ఉపేక్షింపవచ్చును. తీవ్రమైనదైనచో కొలువును రద్దుచేయవచ్చును. స్థిరపడిన ఉద్యోగిని విచారణ లేక తొలగింపరాదు. తనపై కేసున్న సంగతియే తెలియనివాడు దాచినవాడనిపించుకొనడు. తల్లిదండ్రులు గమనింపవలసిన సూత్ర మింకొకటి యున్నది. నిజము చెప్పినంత మాత్రమున కొలువు ఇచ్చి తీరవలెనని లేదు. చెప్పిన గతమును తూచి చూచుటకు యజమానికి హక్కు కలదు. దీనిని దాచి మేము తీపిమాటలు చెప్పుట మంచిది కాదు. ఐనను నిజము చెప్పినవాని విషయమున చర్చ ఆ పాత తగాదాపై జరుగును. అబద్ధము చెప్పినవాని విషయమున వాని నమ్మకముపై జరుగును. 2021లో రాజస్థాను విద్యుత్సంస్థ వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పినదిదియే: కేసు చిన్నదా పెద్దదా యనునదికాక, వ్యక్తి నమ్మదగినవాడా యనునది ప్రశ్నయని. మరుసటి యేడు, అనగా 2022లో, రైల్వే రక్షణ దళపు కానిస్టేబులు విషయమున, దాచెనన్న ఒక్క కారణముచేతనే ఆలోచింపక తొలగింపరాదనియు చెప్పిరి.

ఇక రాజీ సంగతి. సాక్షులను ఒప్పించి, వారిచేత మాట మార్పించి, కేసు కొట్టివేయించుకొనుట మన ప్రాంతమున అపురూపము కాదు. దానితో మచ్చ తుడిచిపోయినదని తలతురు. తమిళనాడు పోలీసు నియామక నిబంధనలు అట్లు తలపవు. సాక్షులు ప్రతికూలురగుటవలనగాని, సంశయలాభముచేతగాని విడువబడినవాడు క్రిమినల్ కేసులో ప్రమేయమున్నవానిగనే యెంచబడును. 2008లో మద్రాసు హైకోర్టు పూర్ణ ధర్మాసనము ఈ నిబంధనను సమర్థించినది. కోర్టు నిర్దోషియన్నవానిని నియామకపు కచేరి మరల సందేహించుట మాకు మనసున కెక్కని విషయమే. కాని నియమము నియమముగా నున్నది. కావున తీర్పు నకలును తెచ్చుకొని, ఏ కారణముచేత విడిచిరో ఒక వకీలుచేత చదివించుకొనవలెను.

పదునెనిమిది యేండ్లు నిండనివారి స్థితి వేరు. 2015 నాటి బాలన్యాయ చట్టపు 24వ విభాగము ప్రకారము, ఆ చట్టము క్రింద విచారింపబడిన బాలునికి శిక్షవలన వచ్చు అనర్హత యుండదు; అప్పీలు గడువు ముగిసిన పిదప ఆ కాగితములను నాశము చేయవలెను. పదునారేండ్లు దాటి, ఘోరనేరమున పెద్దవానివలె విచారింపబడి దోషియని తేలినవానికి మాత్రము ఈ రక్షణ లేదు. 2019లో కేంద్ర పారిశ్రామిక భద్రతా దళపు కొలువు విషయమున, బాల్యమునాటి ఆరోపణలచేత ఉద్యోగము నిరాకరింపరాదని సుప్రీంకోర్టు చెప్పినది. మీ యింట నిట్టి సంగతి యున్నచో, ఫారము నింపుటకు ముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పొండు. 1987 నాటి చట్టము ప్రకారము స్త్రీలకును, బాలలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేక అచట ఉచిత న్యాయసహాయము దొరకును.

అడుగనిదానిని మనంతట మనమే చెప్పవలెనా? అవతార్ సింగ్ తీర్పులోనే దీనికి జవాబున్నది. ఫారములోని ప్రశ్న స్పష్టముగ నుండవలెను. అడుగని సంగతిని దాచెనని నేరము మోపరాదు. ప్రైవేటు కొలువులకును మూలసూత్రము దీనికి దగ్గరగనే యున్నది. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము, చెప్పవలసిన బాధ్యత యున్నచోట తప్ప, ఊరకుండుట మోసము కాదు. అడిగినపుడు అబద్ధము చెప్పుట వేరు. మరి అడుగరానివియు కలవు. జీవిత బీమా సంస్థవారు ఒకప్పుడు ఉద్యోగమున చేరు స్త్రీలను వారి నెలసరి, గర్భములను గూర్చి ఫారములో నడుగుచుండిరి. గర్భమును దాచెనని యొక ఉద్యోగినిని తీసివేయగా, 1991లో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి చేర్చుకొనుడనియు, స్త్రీ గౌరవమునకు భంగకరమైన ఆ గడులను తొలగింపుడనియు ఆజ్ఞాపించినది. హెచ్.ఐ.వి. పరీక్షను ఉద్యోగమునకు షరతుగా పెట్టుటను 2017 నాటి చట్టము నిషేధించినది.

తుదకు నింపు విధము. కేసున్నచో ఠాణా పేరు, కేసు నంబరు, సెక్షను, కోర్టు, ఫలితము, తేదీ వ్రాయవలెను. చోటు చాలకున్న వేరొక కాగితము జతపరుపవచ్చును. ఫారము పంపిన పిదప, చేరుటకు ముందు క్రొత్తగా నేదైన కేసు వచ్చినచో దానినికూడ వెంటనే తెలియజేయవలెనని కేంద్రపు ఫారములోనే వ్రాసియుండును. చాలమంది ఆ వరుసను చదువరు. దరఖాస్తుకును అటెస్టేషను ఫారమునకును నడుమ నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు గడచును. ఢిల్లీ యువకుని చిక్కంతయు ఈ రెండింటికి పొసగకపోవుటచేతనే వచ్చినది. కావున పంపు ప్రతి ఫారమునకును ఒక నకలు తీసి, ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకము పెట్టిన పెట్టెలోనే భద్రపరుపుడు.