తొలి లాంగ్‌రేంజ్ రైఫిల్

ప్రశ్న: వెయ్యి గజాల టార్గెట్ షూటింగ్ నేర్చుకోవాలని ఉంది. మొదటి బోల్ట్ యాక్షన్ రైఫిల్‌గా ఏది కొనమంటారు? – ఓ పాఠకుడు, డాలస్

జవాబు: మీరు అమెరికా పౌరులు కాకపోతే ముందు మీ వీసా సంగతి చూసుకోండి. గ్రీన్‌కార్డు ఉంటే సాధారణంగా కొనుక్కోవచ్చు. హెచ్‌1బీ లాంటి వీసా మీద ఉంటే మాత్రం తుపాకీ దగ్గరుంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. లాయర్ని అడగకుండా అడుగు వేయకండి.

క్యాలిబర్లలో నా ఓటు 6.5 క్రీడ్‌మోర్‌కే. 1952 నాటి .308 విన్‌చెస్టర్ బ్యారెల్ ఎక్కువకాలం మన్నుతుంది, నిజమే. కానీ 2007లో వచ్చిన ఈ 6.5 గుండును గాలి అంతగా పక్కకు నెట్టదు, భుజానికి తన్నూ తక్కువ. తన్ను తగ్గితే గుండు ఎక్కడ తగిలిందో స్కోపులోంచి మీరే చూసుకోవచ్చు. నేర్చుకునేవారికి అది చాలా పెద్ద సాయం. 24 అంగుళాల బరువైన బ్యారెల్ ఎంచుకోండి. టిక్కా టీ3ఎక్స్, బెర్గారా బీ-14 శ్రేణులు రెండూ నమ్మదగ్గవే.

డబ్బంతా రైఫిల్‌కే పెట్టేయకండి. స్కోపుకీ దాదాపు అంతే కేటాయించండి. రెటికిల్ (స్కోపులో కనిపించే గురి గీతలు), టరెట్లు (గురి సరిచేసే మరలు) రెండూ మిల్స్‌లోనే ఉండాలి. మిల్, ఎంఓఏ రెండు వేర్వేరు కోణ కొలతలు; ఒకటి మిల్, మరొకటి ఎంఓఏ అయితే ప్రతి గుండుకీ గుణకారాలూ భాగహారాలే. ఇంట్లో పిల్లలుంటే రైఫిల్ కన్నా ముందు తాళం పడే సేఫ్ కొనండి.