వేషం కడిగాక మిగిలే మనిషిని రాయి

సోమేనహళ్ళి,
గుడిబండ తాలూకా.

చిరంజీవి అమ్మాయికి,

    నువ్వు పగలు ఉద్యోగం, రాత్రి నాటకం రాయడం అని కూర్చున్నావని విని సంతోషపడ్డాను. “మాలాంటి ట్రాన్స్ మనుషుల కథ మన జిల్లాలో ఎవరు చూస్తారు పెదనాయనా?” అని అడిగావు. ఫోన్లో తేలే సంగతి కాదని కాగితం పట్టుకున్నాను.

మన కడ వానలు మొహం చాటేస్తే విరాటపర్వం చదివించడం పెద్దల నాటి ఆచారం. ఆ పర్వంలో అర్జునుడు ఏడాది పాటు బృహన్నల. గాజులు తొడుక్కుని, జడ వేసుకుని, ఉత్తరకు ఆటాపాటా నేర్పుతాడు. ఆ కథ వింటే మేఘం కరుగుతుందని నమ్మిన ఊళ్ళే, అలాంటి బిడ్డ తమ ఇంట్లో పుడితే తలుపు వేసుకున్నాయి. నీ నాటకానికి మొదటి రంగం ఇక్కడే ఉందని నాకు అనిపిస్తుంది.

నేను వయసులో ఉన్నప్పుడు కురుక్షేత్రం నాటకంలో ద్రౌపది వేషం కట్టేవాణ్ణి. ఇప్పుడు ఆడ వేషాలకు బయటి ఊళ్ళ నుంచి నటీమణులను మాట్లాడుకుంటున్నారు. దుర్యోధనుడి వేషానికీ కృష్ణుడి వేషానికీ మాత్రం ఊరివాళ్ళే డబ్బు కట్టి పోటీ పడతారు. మా రోజుల్లో హార్మోనియం మాస్టరు నన్ను నిలబెట్టి నడక నేర్పించాడు, చీర కుచ్చిళ్ళు సర్దుకోవడం నేర్పించాడు. రాత్రి నా వస్త్రాపహరణం చూసి ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. తెల్లారి నేను పంచె కట్టుకుని చేనికి పోతే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఊరు మెచ్చుకున్నది నా వేషాన్ని. అది పొద్దున కడిగేసుకునే వేషమని తెలుసు గనకే అంత ధారాళంగా మెచ్చుకుంది.

పెద్ద రంగస్థలం మీదా ఇదే లెక్క. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామగా, చిత్రాంగిగా, మధురవాణిగా తెలుగు దేశాన్ని ఊపేశాడు. 1956లో పద్మశ్రీ వచ్చింది. కూచిపూడి వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామను చూసి ఆడవాళ్ళే అసూయపడ్డారని చెప్పుకుంటారు. ఆయనకూ పద్మశ్రీ వచ్చింది. వాళ్ళ విద్యకు దండం పెట్టాల్సిందే. అయితే ఆ చప్పట్లు కొట్టిన చేతులే, వేషం కాకుండా బతుకే అలాంటిదైన మనిషిని గేటు బయట నిలబెట్టాయి.

2021లో అదే పద్మశ్రీ బళ్ళారి సీమలో పుట్టిన మంజమ్మ జోగతికి వచ్చింది. ఆమెది కల్లుకంబ. ఇంటికి దూరమై, అడుక్కుని, చావు అంచు దాకా పోయి, ఎల్లమ్మ పేరున ఆడే జోగతి నృత్యం నేర్చుకుని, కాళవ్వ జోగతి మేళంలో చేరి నిలదొక్కుకుంది. 2019లో కర్ణాటక జానపద అకాడెమీ అధ్యక్షురాలైంది. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తి ఆమే. రాష్ట్రపతి భవన్‌లో పురస్కారం తీసుకునే ముందు చీర కొంగుతో రాష్ట్రపతికి దిష్టి తీసింది చూశావా? టీవీలో అది చూసి మన ఊళ్ళో చానామంది నవ్వారు, కొందరు చేతులు జోడించారు. నవ్వినవాళ్ళూ జోడించినవాళ్ళూ రేపు నీ నాటకం ముందు కూర్చునే జనమే.

ఇక నువ్వు తప్పకుండా చదవాల్సిన మనిషి గురించి. ఎ. రేవతి తమిళనాడు నామక్కల్ వైపు పల్లెలో పుట్టింది. చిన్నప్పుడు మారియమ్మ జాతరలో కురత్తి (ఎరుకలసాని) వేషం కట్టి ఆడింది. చూసేవాళ్ళకు అది వేషం, ఆమెకు మాత్రం తన అసలు రూపం. జాతర అయ్యాక ఆ రూపం తీసేయమంటే ఎక్కడికి తీసేస్తుంది? అన్నలు కొట్టారు. ఢిల్లీ, ముంబై తిరిగింది, చివరికి బెంగళూరు చేరింది. హిజ్రాలు నడిపే స్నానాల ఇల్లైన హమామ్‌లో బతుకు ఎలా ఉంటుందో, పోలీసు చేతిలో పడితే ఏమవుతుందో ఆమె దాపరికం లేకుండా రాసింది. 1999లో లైంగిక మైనారిటీల హక్కుల కోసం బెంగళూరులో పనిచేసే సంగమ సంస్థలో చిన్న ఉద్యోగంలో చేరి, తర్వాత అదే సంస్థకు డైరెక్టరైంది.

ఆమె చేసిన పనుల వరస గమనించు. తన కథతో మొదలుపెట్టలేదు. ముందు తనలాంటి వాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళు చెప్పింది విని, 2004లో తమిళంలో ‘ఉణర్వుం ఉరువముం’ అనే పుస్తకం తెచ్చింది. ఆ తర్వాతే తన ఆత్మకథ. అది వి. గీత అనువాదంతో 2010లో ఇంగ్లీషులో వచ్చింది. మన పి. సత్యవతి గారు దాన్ని ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేశారు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఆ అనువాదానికి 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం దక్కింది. కన్నడంలో దు. సరస్వతి ‘బదుకు బయలు’ అన్నారు. ఆ కన్నడ పుస్తకాన్ని జనమనదాట బృందం ఎం. గణేశ్ దర్శకత్వంలో నాటకంగా కట్టి పలు ఊళ్ళలో ఆడింది. తమిళంలో రేవతి తానే రంగం మీదికి వచ్చింది. ఎ. మంగై దర్శకత్వంలో ‘వెళ్ళై మొళి’ ఏకపాత్ర నాటకం ఆడింది. పుస్తకంలో రాసిన బతుకును ఆ బతుకు బతికిన ఒళ్ళే జనం ముందు నిలబడి చెప్పింది. వేషం కట్టడానికీ, ఇలా నిలబడడానికీ ఉన్న తేడా నాకంటే నీకే బాగా తెలుసు.

నువ్వు కూడా ముందు నలుగురి దగ్గర కూర్చో. వాళ్ళు చెప్పినవన్నీ నాటకానికి పనికొచ్చే సరుకు అనుకోవద్దు. ఎవరి కథ వాడుకుంటే వాళ్ళ అనుమతి అడుగు, పేరు మార్చు, ఊరు మార్చు. నాటకం బాగుందని పేరొచ్చి, అందులోని మనిషికి ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తే ఆ పేరు మనకొద్దు.

రెండో సంగతి, ఏడుపు. చానా నాటకాల్లో మీవాళ్ళు ఏడవడానికో, చావడానికో మాత్రమే వస్తారు. మహేశ్ దత్తాణి బెంగళూరులోనే ఉండి రాసిన ‘సెవెన్ స్టెప్స్ అరౌండ్ ది ఫైర్’ మంచి నాటకమే, బీబీసీ రేడియో కోసం రాశారు. అందులో కమల అనే హిజ్రా హత్య జరుగుతుంది. కథ నడిపేది మాత్రం ఒక పోలీసు అధికారి భార్య. నాటకం మొదలయ్యేసరికే కమల లేదు. ఆమె ఎలా నవ్వేదో, దేనికి కోప్పడేదో మనకు వేరేవాళ్ళు చెప్పాలి. ఆ కాలానికి అంత మాత్రం రాయడమే ధైర్యం. నీ కాలం వేరు. నీ కమలను బతికించు. ఆమె చీటీ కట్టాలి, గురువుతో గొడవ పడాలి, బస్సులో సీటు కోసం వాదించాలి, ఎవడినో ప్రేమించి తిట్టుకోవాలి. తప్పులు చేయాలి. దేవతగా నిలబెడితే జనం మొక్కి వెళ్ళిపోతారు, పక్కింట్లోకి మాత్రం రానివ్వరు.

చెన్నైలో 2014లో లివింగ్ స్మైల్ విద్య, ఏంజెల్ గ్లాడీ, గీ ఇమాన్ సెమ్మలర్ కలిసి పన్మై థియేటర్ పెట్టారు. ‘కలర్ ఆఫ్ ట్రాన్స్’ అనే నాటకంలో ముగ్గురూ తమ బతుకులనే ఆడారు. నువ్వు గీ సంగతి గమనించాలి. ఆయన ట్రాన్స్ మగవాడు. మన జనానికి చీర కట్టినవాళ్ళు కనిపిస్తారు గానీ, ఆడపిల్లగా పెంచితే మగవాడిగా బతకాలనుకున్న బిడ్డ అసలు లెక్కలోకే రాడు. అలాంటి బిడ్డ ఇంట్లో నుంచి బయటపడడం ఇంకా కష్టం, పెళ్ళి చేసి పంపేస్తారు గనక. నీ నాటకంలో అతనికి నాలుగు మాటలైనా ఇవ్వు.

అదే లివింగ్ స్మైల్ విద్య ఆత్మకథ ఆధారంగా ‘నాను అవనల్ల అవళు’ అని కన్నడ సినిమా వచ్చింది. ఆమె పాత్రలో సంచారి విజయ్ అనే మగ నటుడు బ్రహ్మాండంగా నటించాడు, జాతీయ అవార్డు తెచ్చుకున్నాడు. అతని ప్రతిభను నేను తక్కువ చేయను. కానీ నీ నాటకంలో ఆ వేషాలు ఎవరు వేయాలన్నది నువ్వే తేల్చుకోవాలి. నా మాట అడిగితే మీవాళ్ళకే ఇవ్వు. ఆడ వేషాలు మగవాళ్ళు వేసిన రోజుల్లో, ఆడవాళ్ళకు నటన రాదని కాదు, వాళ్ళను స్టేజీ ఎక్కనివ్వలేదు. బళ్ళారి రాఘవ పట్టుబట్టి ఎక్కించాడు. ఎక్కాక చూడు, ఎంతమంది మహానటులు బయటపడ్డారో. మీవాళ్ళకు ఆ పట్టు నువ్వు పట్టాలి. రిహార్సలుకు వచ్చేవాళ్ళకు ఆ రోజు సంపాదన పోతుంది. బస్సు చార్జీ, పూట భోజనం, కొంచెం కూలి ముందే లెక్క వేసుకో.

భాష గురించి సందేహపడ్డావు. మనకు ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ, బెంగళూరు వెళ్తే తమిళం, ఉర్దూ, ఇంగ్లీషు. నీ పాత్రలు అమ్మతో మాట్లాడేటప్పుడు బాగేపల్లి తెలుగులో మాట్లాడనీ, కచేరీ మెట్ల మీద కన్నడంలో మాట్లాడనీ. కీర్తనలు కట్టిన కైవార తాతయ్య తెలుగు, కన్నడం రెండింటిలోనూ పాడాడు, మన జనం రెండూ విన్నారు. మనవాళ్ళకు అర్థం కాదేమోనని భయపడి బడిపుస్తకం తెలుగు రాయకు.

చట్టం మీ పక్కకు కొంత జరిగింది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు తన లింగం తానే చెప్పుకునే హక్కు మనిషికి ఉందంది. 2018 సెప్టెంబరు 6న సమ్మతితో కూడిన స్వలింగ సంబంధాన్నీ నేరమన్న సెక్షన్ 377 పీడ వదిలించింది. 2021లో కర్ణాటక ప్రభుత్వం తన ఉద్యోగాల్లో ట్రాన్స్ మనుషులకు ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చింది. ఇవన్నీ గోడ మీద రాసుకోదగ్గవే. అయితే కోర్టు తీర్పు అమ్మానాన్నల చేత తలుపు తెరిపించలేదు. అక్కడ నాటకానికి పని ఉంది. తీర్పు చదవని మనిషి కూడా మూడు గంటలు కూర్చుని నాటకం చూస్తాడు. మన జనం తెల్లవార్లూ కురుక్షేత్రం చూసేవాళ్ళు, ఓపికకు కొదవ లేదు.

నీ మొదటి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్తాను. చూస్తారు. మొదటి రాత్రి వేళాకోళానికి వస్తారు. అందులో ఒకడు ఈల వేస్తాడు. ఆ ఈలకు సమాధానం నువ్వు స్టేజీ దిగి చెప్పొద్దు, నీ పాత్ర చేత చెప్పించు. అలాంటి మాట ఒకటి ముందే రాసి పెట్టుకో. మన ఊరి కన్నా ముందు బెంగళూరులో రెండు ఆటలు ఆడి చేయి తిరగనీ. తర్వాత బాగేపల్లి, గుడిబండ, చింతామణి. ఊళ్ళో పెద్దలతో మాట్లాడే పని నాది. పంచాయతీకి అర్జీ, పోలీసు స్టేషనుకు ముందే ఒక కాగితం, మైకు, సీనరీ బాడుగ, ఇవన్నీ నేను చూసుకుంటాను. మీ నాన్నతో మాట్లాడే పనీ నాదే. ఆయన వస్తాడని ఇప్పుడే మాట ఇవ్వలేను, కానీ మొదటి వరసలో ఒక కుర్చీ ఆయన పేరు మీద ఉంచుతాను.

ఉద్యోగం మాత్రం వదలకు. నాటకం కూడు పెట్టేదాకా ఉద్యోగమే నీకు ధైర్యం. రాసిన మేరకు ఉగాది లోపల నాకు పంపు. బాగాలేని చోట బాగాలేదని రాస్తాను, అలగొద్దు. బాగున్న చోట తప్పకుండా మెచ్చుకుంటాను.

ఇట్లు,
నీ మేలు కోరే
పెదనాయన