పొందూరు ఖద్దరుతో పాతకాలపు సొగసు

ప్రశ్న: చేతితో కుట్టిన దినచర్య పుస్తకమునకు పాతకాలపు వన్నెగల వ్రాతచీట్లను, అలంకారములను ఇంటనే చేసికొనుట ఎట్లు? – ఒక పాఠకురాలు, విజయనగరము

జవాబు: అమ్మా, గురజాడవారు దినచర్యలు వ్రాసికొన్న ఊరివారికి ఈ అభిలాష కలుగుట ఎంతయు సముచితము. మందపు కాగితమును పోస్టుకార్డు పరిమాణమున కత్తిరించి, చల్లారిన తేయాకు కషాయములో ముంచి, నీడన ఆరవైచి, తడి పూర్తిగా పోకమునుపే బరువు క్రింద నుంచినచో ముడుతలు పడక గోధుమవన్నె తేరును. అంచున అతికించుటకు పొందూరు ఖద్దరు పీలికను మించినది లేదని నా నిశ్చితాభిప్రాయము. వాలుగ చేప దవడ యెముకతో ఏకిన ప్రత్తినుండి చేత వడికిన ఆ నూలు, అంచున రెండు పోగులు లాగినంతనే మెత్తని కుచ్చుగా విచ్చుకొనును. మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తము కలిపినచో పురుగు చేరదు. అది విషము గనుక పిల్లలకు అందనీయకుడు. పుటలలో అలంకారముగా అతికింపదలచినచో, పూర్వుల ఉత్తరములను, ఛాయాచిత్రములను మాత్రము కత్తిరింపక, వాని నకళ్లనే వాడుడు.